ఏటా విత్తే చేనికి ఆస్తి లెక్క: చిత్తూరు, తిరుపతి రైతులు సొంతంగా కొలుచుకునే పద్ధతి

చెనక్కాయ పీకి, కాయ వలిచి, మార్కెట్‌కి తోలాక మనందరం వేసే లెక్క ఒకటే. విత్తనాలకి ఇంత, దుక్కులకి ఇంత, కూలోళ్ళకి ఇంత, వచ్చిన మూటలు ఇన్ని, అప్పు పోగా మిగిలింది ఇంత. ఆ లెక్కలో భూమి ఎక్కడా కనపడదు. రెండేళ్ళు వరసగా దిగుబడి బాగా వచ్చిందంటే చేను బాగుందనే అనుకుంటాం, కానీ అదే రెండేళ్ళలో పైమట్టి కొంత వంకలోకి కొట్టుకుపోయి ఉండొచ్చు, బోర్లో నీళ్ళు ఇంకా కిందికి దిగి ఉండొచ్చు, గట్టు మీది కానుగ చెట్లు కొట్టేసి ఉండొచ్చు. వడ్డీ తింటున్నామా అసలు తింటున్నామా అన్నది మూటల లెక్కలో తేలదు, దానికి అసలునే కొలవాలి.

ఈ అసలునే సహజ మూలధనం అంటున్నారు. మట్టి, అందులోని కార్బన్, అందులో బతికే పురుగూ పుట్రా, భూమిలోని నీళ్ళు, గట్ల మీది చెట్లు, ఇవన్నీ కలిపి. దేశాల స్థాయిలో దీన్ని లెక్క కట్టే పద్ధతికి ఐక్యరాజ్యసమితి 2021 మార్చిలో ఆమోదం తెలిపింది, మన కేంద్ర గణాంక శాఖ కూడా ఇలాంటి లెక్కలు వేస్తోంది. ఆ పద్ధతిలో వరస ఇలా ఉంటుంది: భూమి ఎంత ఉంది, ఏ స్థితిలో ఉంది, దాన్నుంచి మనకేం అందుతోంది, ఆ తర్వాతే రూపాయలు. మన మూడెకరాలకీ అదే వరస సరిపోతుంది. గడ్డపార, కొలత టేపు, కాటా, బకెట్టు, ఒక లాంగ్ నోట్‌బుక్కు ఉంటే మొదలుపెట్టొచ్చు, ల్యాబ్‌కి వెళ్ళాల్సింది మట్టికీ బోరు నీళ్ళకీ మాత్రమే.

ముందు చేన్ని ముక్కలుగా రాసుకోండి

ఏటా విత్తి ఏటా కోసే భూమినే ఈ లెక్కలోకి తీసుకోండి. చెనక్కాయ, కంది, రాగి, వరి, టమాటా లాంటివి. మామిడి తోట ఉంటే దానికి వేరే పేజీ పెట్టండి, తోట మట్టినీ చేని మట్టినీ కలిపి సగటు తీస్తే రెండిటి సంగతీ తెలియకుండా పోతుంది.

తర్వాత మీ భూమిని కయ్యలుగా విడదీయండి. సర్వే నంబరు ప్రకారం కాదు, మట్టి రంగు, నీటి వసతి, గత నాలుగైదేళ్ళుగా ఏం చేస్తున్నారు అన్నదాన్ని బట్టి. ఉదాహరణకి మూడెకరాల్లో 2 ఎకరాలు వానకి విత్తే ఎర్ర గరుసు చేను, 60 సెంట్లు బోరు కింద టమాటా, 40 సెంట్లు చెరువు కింద మడి అనుకుందాం. అది మూడు కయ్యల కింద లెక్క. ప్రతి కయ్యకీ ఒక పేరు పెట్టండి, ఇంట్లో పిలుచుకునే పేరే మంచిది, మీ తర్వాత నోట్‌బుక్కు చూసేవాళ్ళకి తెలుస్తుంది.

విత్తని జాగా కూడా కొలవండి. గెనిమలు, గట్లు, చెట్ల నీడ, ఫారం పాండ్, వంక ఒడ్డు. ఫోన్‌లో చుట్టూ నడిస్తే విస్తీర్ణం చెప్పే ఉచిత యాప్‌లు ఉన్నాయి, సెంటూ అర సెంటూ తేడా వచ్చినా ఫర్వాలేదు. చాలామంది దీన్ని వదిలేస్తారు, కానీ ట్రాక్టరు తిరగడానికి అడ్డమని గట్టు చదును చేసినప్పుడు అడంగల్‌లో ఒక్క సెంటు కూడా మారదు, చేనికి మాత్రం పెద్ద నష్టం. అందుకే గట్టు పొడవు మీటర్లలో రాసిపెట్టుకోండి.

పోల్చుకోవడానికి ఒక చోటు చూసుకోండి

మట్టిలో కార్బన్ 0.35 శాతం అని కాగితం వస్తే అది మంచిదా చెడ్డదా? మన దేశంలో మట్టి పరీక్షల్లో 0.5 శాతం కన్నా తక్కువైతే తక్కువ అనీ, 0.5 నుంచి 0.75 దాకా మధ్యస్థం అనీ, ఆపైన ఎక్కువ అనీ రాస్తారు. ఆ కొలమానం ప్రకారం మన వైపు ఎర్ర చేలు చాలావరకు 'తక్కువ' అనే వస్తాయి, రాసిందే ఏటా రాస్తుంటే రైతుకి అందులో కొత్తగా తెలిసేదేం ఉండదు. అసలు ప్రశ్న వేరు. మీ ఊళ్ళో, మీ మట్టే, దున్నకుండా ఉంటే ఎంత ఉండగలదు?

దానికి మీ చేని పక్కనే ఎన్నో ఏళ్ళుగా దున్నని చోటు వెతకండి. పాత కానుగ, వేప చెట్ల వరస ఉన్న వెడల్పాటి గట్టో, గుడి వెనక జాగానో, పొలిమేరలో తోపో. మట్టి రకం మాత్రం చేనిదే అయ్యుండాలి, ఎర్ర చేనికి చెరువు కట్ట కింద నల్లమట్టితో పోలిక కుదరదు. పశువులు కట్టేసే చోటూ, దిబ్బ పక్కనా వద్దు. ఇకమీద చెప్పే మట్టి కొలతలన్నీ చేన్లో చేసినట్టే ఈ చోటులోనూ చెయ్యాలి. నన్నడిగితే మొత్తం పద్ధతిలో అన్నిటికన్నా విలువైన పని ఇదే, ఎందుకంటే మీ నేల ఎంతవరకు కోలుకోగలదో ఇది కళ్ళకి చూపిస్తుంది.

ఎప్పుడు కొలవాలి

మట్టి శాంపిల్, బరువు కొలతలు మే నెలలో, తొలకరి దుక్కికి ముందు, ఎరువు తోలకముందు. వానపాములూ పురుగులూ మాత్రం పదునున్నప్పుడే చూడాలి, మనకి నైరుతితో పాటు ఈశాన్య రుతుపవనాల వానలు కూడా ఉన్నాయి కాబట్టి సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో చక్కగా కుదురుతుంది. ఏ నెలలో మొదలుపెడితే ప్రతి ఏడూ అదే నెల. ఒక ఏడు మే, ఇంకో ఏడు ఆగస్టు అంటే తేడా మట్టిదో కాలానిదో తెలియదు.

మట్టి శాంపిల్, కార్బన్ నిల్వ

ఒక్కో కయ్యలో అడ్డదిడ్డంగా నడుస్తూ పది చోట్ల మట్టి తియ్యండి. పైన ఉన్న ఆకూ అలమా పక్కకి నెట్టి, 15 సెంటీమీటర్ల లోతు 'వి' ఆకారంలో గుంట తీసి, గుంట గోడ నుంచి పైనుంచి కింది దాకా ఒకే మందంలో ఒక పొర గీసి ప్లాస్టిక్ బకెట్లో వెయ్యండి. జింకు పూత ఉన్న ఇనప బకెట్టు వాడితే సూక్ష్మపోషకాల లెక్క తప్పుతుంది. గట్టు పక్కన, చెట్టు నీడలో, కాలవ ఒడ్డున, పోయినేడు ఎరువు కుప్ప పోసిన చోట తియ్యొద్దు. అంతా కలిపి గోనెపట్ట మీద పరిచి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు తీసేసి, మళ్ళీ కలిపి మళ్ళీ నాలుగు చేసి, అలా అరకిలో మిగిలేదాకా తగ్గించుకుంటూ రండి. నీడన ఆరబెట్టి, కయ్య పేరు, తేదీ, లోతు రాసిన చీటీతో రైతు సేవా కేంద్రంలో ఇవ్వండి, లేదా నేరుగా మట్టి పరీక్షా కేంద్రానికి తీసుకెళ్ళండి. తిరుపతిలో వ్యవసాయ కళాశాల, ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం ఉన్నాయి, అక్కడి వాళ్ళని సలహా కూడా అడగొచ్చు.

2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలు వస్తాయి: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, పీహెచ్, ఈసీ (కరిగిన ఉప్పుల కొలత), సేంద్రియ కార్బన్. ఆ కార్డు పథకంలో వర్షాధార భూముల్లో 10 హెక్టార్లకి ఒక శాంపిల్ చొప్పున తీసే పద్ధతి పెట్టారు, అంటే పాతిక ఎకరాలకి ఒకటి. మీ కార్డు మీద ఉన్న అంకె మీ చేనిది కాకుండా పక్క చేలన్నిటిదీ కూడా కావచ్చు. అందుకే శాంపిల్ మీ చేత్తో మీరే తియ్యమంటున్నాను.

శాతం ఒక్కటీ సరిపోదు, నిల్వ ఎంతో తెలియాలి. దానికి మట్టి ఎంత గట్టిగా అణిగి ఉందో కొలవాలి. 7.5 సెంటీమీటర్ల లోపలి వ్యాసం, 10 సెంటీమీటర్ల పొడవు ఉన్న ఇనప పైపు ముక్క ఒకటి వెల్డింగ్ షాపులో కోయించి, ఒక అంచు పదును పెట్టించుకోండి. దుక్కి పడకముందే నేల మీద పైపు నిలబెట్టి, పైన చెక్క అడ్డం పెట్టి సుత్తితో నేల మట్టానికి దింపి, చుట్టూ తవ్వి, పైపు నిండా ఉన్న మట్టి రాలకుండా బయటికి తీసి, రెండు కొసలూ కత్తితో చదును చెయ్యండి. ఆ పైపులో పట్టేది దాదాపు 442 ఘన సెంటీమీటర్లు. ఆ మట్టిని పెనం మీద సన్న మంటన, బరువు ఇక తగ్గనంతవరకు ఆరబెట్టి కాటా వెయ్యండి. 685 గ్రాములు వచ్చిందనుకోండి, 685ని 442తో భాగిస్తే 1.55, దీన్నే ఇకమీద పైపు కొలత అందాం. మన గరుసు నేలల్లో గులకరాళ్ళు ఎక్కువ, వాటిని జల్లించి వాటి బరువు తీసెయ్యండి, నిండుగా నీళ్ళున్న గ్లాసులో ఆ రాళ్ళు వేస్తే ఎన్ని నీళ్ళు పొర్లాయో అంత ఘనపరిమాణం కూడా తీసెయ్యండి. పెనం మీద కాలిన మట్టిని మాత్రం ల్యాబ్‌కి పంపకూడదు, అందులో కార్బన్ పోయి ఉంటుంది.

ఇప్పుడు లెక్క: కార్బన్ శాతం × పైపు కొలత × లోతు సెంటీమీటర్లలో. 0.35 × 1.55 × 15 అంటే హెక్టారుకి దాదాపు 8.1 టన్నులు, 2.47తో భాగిస్తే ఎకరాకి 3.3 టన్నుల కార్బన్. ఓపిక ఉంటే 15 నుంచి 30 సెంటీమీటర్ల పొరకి కూడా వేరే శాంపిల్ తియ్యండి, కార్బన్ లెక్కల్లో సాధారణంగా 30 సెంటీమీటర్ల దాకా చూస్తారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. దున్నిన వెంటనే కొలిస్తే మట్టి గుల్లగా ఉండి పైపు కొలత 1.35కి దిగొచ్చు, అప్పుడు అదే కార్బన్ శాతానికి నిల్వ హెక్టారుకి టన్ను తగ్గినట్టు కనపడుతుంది. నిజానికి ఏమీ పోలేదు. అలాగే ల్యాబ్ అంకెల్లో కాస్త అటూ ఇటూ ఎప్పుడూ ఉంటుంది, 0.35 పోయి 0.38 వచ్చిందని సంబరపడొద్దు, 0.33 వచ్చిందని టెన్షన్ పడొద్దు. పై 15 సెంటీమీటర్లలో 0.1 శాతం పెరిగిందంటే ఎకరాకి సుమారు 940 కిలోల కార్బన్ నేలలో నిలిచినట్టు, అది ఒక్క ఏడులో అయ్యే పని కాదు. మూడు నుంచి ఐదేళ్ళకి ఒకసారి ఈ పరీక్ష చేయిస్తే చాలు, ఏటా డబ్బు పెట్టక్కర్లేదు.

నీళ్ళు ఇంకే వేగం, గడ్డ నానే తీరు

ఈ రెండూ పైసా ఖర్చు లేని పరీక్షలు, కార్బన్ కన్నా ముందుగా మార్పు చూపించేవి కూడా ఇవే. ఏటా చెయ్యండి.

15 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న రేకు డబ్బా రెండు పక్కలా మూతలు కోసేసి, నేలలోకి సగం దాకా దింపండి. లోపల పల్చటి ప్లాస్టిక్ కవరు పరిచి 440 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి, కవరు మెల్లగా లాగెయ్యండి. అది సరిగ్గా 25 మిల్లీమీటర్ల వానతో సమానం. మొదటిసారి పోసినవి ఇంకిపోనివ్వండి, ఆ సమయం రాయొద్దు, ఎండిన నేల ఎలాగూ గబగబా పీల్చుకుంటుంది. రెండోసారి మళ్ళీ 440 పోసి, ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి, పైన నీటి మెరుపు పోయేదాకా చూడండి. అరగంట పట్టిందంటే గంటకి 50 మిల్లీమీటర్ల వానని ఆ చేను తాగగలదు. గంట పైన పట్టిందంటే గట్టి వాన పడ్డ రోజు సగానికి సగం వంకలోకే. కయ్యకి మూడు చోట్ల, పోలిక చోటులో మూడు చోట్ల చేసి మధ్య అంకె తీసుకోండి. ఒక చోట చీమల పుట్ట రంధ్రం ఉంటే నీళ్ళు చిటికెలో మాయమవుతాయి, సగటు తీస్తే ఆ ఒక్కటే మొత్తం లెక్కని మార్చేస్తుంది.

గడ్డ పరీక్షకి చేన్లోంచి చిన్న ఉసిరికాయంత మట్టి గడ్డ ఒకటి, గట్టు మీద కానుగ కిందనుంచి అంతే సైజు ఇంకొకటి తీసి రెండ్రోజులు ఆరబెట్టండి. రెండు గాజు గ్లాసుల్లో నీళ్ళు పోసి, దోమతెర ముక్కని గ్లాసు మూతికి కొంచెం లోపలికి వేలాడేలా రబ్బరు బ్యాండుతో బిగించి, దాని మీద గడ్డలు ఒకేసారి పెట్టండి, గడ్డ పూర్తిగా మునగాలి. మన ఎర్ర చేని గడ్డ చాలాసార్లు నిమిషం లోపే బుడగలు కక్కుతూ అంచుల్నించి రాలిపోతుంది, గ్లాసు అడుగున ఇసక ముందు దిగుతుంది, నీళ్ళు ఇటుక రంగుకి తిరుగుతాయి. కానుగ కింది గడ్డలో సన్నటి వేళ్ళు, బూజు దారాలు, కుళ్ళిన ఆకు జిగురు పట్టుకుని ఉంటాయి కాబట్టి అది ఐదు నిమిషాల తర్వాత కూడా ఆకారం పోకుండా నిలబడే అవకాశం ఎక్కువ. ఐదు నిమిషాలకి ఎంత భాగం మిగిలిందో నాలుగో వంతుల్లో రాసుకోండి, ఒక ఫోటో తియ్యండి. విత్తిన మూడో రోజు గట్టి వాన కొట్టి, ఆ తర్వాత ఎండ కాసి, నేల పైన పెచ్చు కట్టి మొలకలు పైకి రాలేకపోవడం మీరు చూసే ఉంటారు. ఆ పెచ్చుకి కారణం ఈ గ్లాసులో కనపడుతుంది.

నేల ఎన్ని రోజులు కప్పుకుని ఉంది

ఏటా విత్తే భూమికి అసలు సమస్య ఇదే. జూన్, జూలైలో చెనక్కాయ విత్తితే సుమారు నాలుగు నెలల్లో పీకేస్తాం. మిగతా ఎనిమిది నెలలు నేల ఎండకీ గాలికీ ఈశాన్య వానలకీ బోసిగా ఉంటుంది. రాగి కోస్తే కనీసం మొదళ్ళూ వేళ్ళూ నేలలో మిగులుతాయి, చెనక్కాయని వేళ్ళతో సహా పీకి, కట్టె అంతా పశువులకి తోలేస్తాం. పప్పుజాతి పంట కాబట్టి నేలకి బలం అనుకుంటాం గానీ, ఆ బలంలో చాలా భాగం కాయతో, కట్టెతో బయటికే పోతోంది.

కొలవడం తేలిక. కయ్యకి మూల నుంచి మూలకి నడుస్తూ ప్రతి అడుగుకీ బొటనవేలి ముందు ఏముందో చూడండి: పంట, కలుపు, ఎండాకు, రాయి, లేదా ఉత్త మన్ను. వంద అడుగులకి వంద గీతలు. ఉత్త మన్ను కానివి ఎన్నో అదే కప్పు శాతం, రాళ్ళని మాత్రం వేరే రాయండి. మే, ఆగస్టు, డిసెంబరు, ఫిబ్రవరిలో ఒక్కోసారి చెయ్యండి. దీనితోపాటు ఏడాదిలో ఆ కయ్యలో పచ్చని మొక్క ఉన్న రోజులు క్యాలెండరు మీద గీసుకోండి. ఇంటర్నెట్ వాడకం అలవాటున్న పిల్లలు ఇంట్లో ఉంటే సెంటినెల్-2 ఉపగ్రహం ఫోటోలు ఉచితంగా చూడొచ్చు, అవి ఐదు రోజులకొకసారి, 10 మీటర్ల వివరంతో వస్తాయి, పాత ఏళ్ళవి కూడా దొరుకుతాయి.

రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో తొలకరికి ముందే నవధాన్యాలు పొడి దుక్కిలో చల్లి, నేలని వీలైనంత ఎక్కువ రోజులు పచ్చగా ఉంచమంటున్నారు. మీరు ఆ పద్ధతిలో ఉన్నా, లేకపోయినా, ఒక కయ్యలో చల్లి పక్క కయ్యలో వదిలేసి ఈ కొలతలు పెట్టి చూడండి. ఎవరి మాటా నమ్మక్కర్లేదు.

ప్రాణులు, చెట్లు

మంచి వాన పడి రెండు మూడు రోజులయ్యాక, పొద్దున్నే, అడుగు పొడవు అడుగు వెడల్పు అడుగు లోతు గుంట తీసి మట్టిని గోనెపట్ట మీద వేసి చేత్తో విడదీస్తూ వానపాముల్ని లెక్కపెట్టండి. బాగా పదునుండే మంచి నేలల్లో ఆ గుంటకి పది కనపడితే బాగుందంటారు. మన మెట్ట చేన్లో సున్నా రావడం వింత కాదు, గట్టు మీద ఎన్ని వచ్చాయన్నదే ముఖ్యం. చీమలు, పేడపురుగులు, జెర్రులు కూడా రాయండి. తెల్లగా వంకర తిరిగి ఉండే వేరుపురుగు మాత్రం వేరే గడిలో రాయండి, చెనక్కాయకి అది శత్రువు.

తేనెటీగల లెక్క చెనక్కాయ చేన్లో పెద్దగా పనికిరాదు, అది తన పూతతో తానే కాయ పట్టుకునే పంట. బీర, కాకర, దోస, పొద్దుతిరుగుడు పూతలో ఉన్నప్పుడు పావుగంట నిలబడి ఎన్ని వాలాయో లెక్కపెట్టండి. దుక్కి వెనక వచ్చే కొంగలూ గోరింకలూ ఎన్నున్నాయో కూడా ఒక మాట రాసుకుంటే మంచిదే.

చెట్లకి ఒక జాబితా. పేరు, నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో చుట్టుకొలత, ఎక్కడుందో గుర్తు. కానుగ, వేప, చింత, తాటి ఏదైనా సరే. కానుగ నుంచి మడిలోకి ఎన్ని మోపుల ఆకు తొక్కించారో రాయండి, అది ఆ చెట్టు మీకిస్తున్న రాబడి.

నీళ్ళు

వాన కొలవడానికి నిలువు గోడలున్న ఏ డబ్బా అయినా సరిపోతుంది, ఆరుబయట చెట్టుకీ గోడకీ దూరంగా పెట్టి పొద్దున ఎనిమిదిన్నరకి స్కేలుతో కొలవండి. 1 మిల్లీమీటరు వాన అంటే ఎకరాకి 4,047 లీటర్లు. 40 మిల్లీమీటర్ల వాన పడితే మీ ఎకరంలో లక్షా అరవై వేల లీటర్లు పడ్డట్టు, ఇంకే వేగంతో పోల్చి చూస్తే అందులో ఎన్ని నిలిచి ఉంటాయో అంచనా దొరుకుతుంది.

బోరుకి 200 లీటర్ల డ్రమ్ము నిండడానికి పట్టే సెకన్లు రాయండి, మోటరు వేసిన అరగంటకి ఒకసారి, ఆపబోయే ముందు ఒకసారి. మొదట్లో 80 సెకన్లు, చివర్లో 140 అంటే బోరు ఆయాసపడుతోందని. నెలకోసారి అదే వారంలో చెయ్యండి. ఏడాదికోసారి నీళ్ళ ఈసీ పరీక్ష చేయించండి: కాగితం మీద dS/m లెక్కలో 0.7 లోపు ఉంటే ఇబ్బంది లేదు, 3 దాటితే పంటలకి కష్టం, మధ్యలో ఉంటే పంటని బట్టి జాగ్రత్త పడాలి.

కొట్టుకుపోయే మట్టి

అర మీటరు ఇనప సీకులు వాలు వెంట పైన, నడిమిన, కింద రెండేసి దించండి. పైన సరిగ్గా 10 సెంటీమీటర్లు కనపడేలా ఉంచి పెయింట్ పూయండి, దున్నేచోట నిలవవు కాబట్టి గెనిమకి అడుగు దూరంలో దుక్కి తగలని గీతలో పెట్టండి. ప్రతి వానాకాలం అయ్యాక కొలవండి. 1 మిల్లీమీటరు మట్టి పోయిందంటే ఎకరాకి దాదాపు 6 టన్నులు పోయినట్టు. కంటికి కనపడని మిల్లీమీటరే, కానీ రెండు ట్రాక్టరు ట్రాలీల మట్టి.

వచ్చిందెంత, పోయిందెంత

ఒక పేజీని నిలువునా రెండు చెయ్యండి. ఎడమ పక్క చేన్లోకి వచ్చినవి: 45 కిలోల యూరియా బస్తాకి 20.7 కిలోల నత్రజని, 50 కిలోల డీఏపీ బస్తాకి 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం, టన్ను పశువుల ఎరువుకి సుమారు 5 కిలోల నత్రజని, చెనక్కాయకి వేసిన జిప్సం, ఎండాకాలంలో తోలిన చెరువు మట్టి ట్రాలీలు, గొర్రెల మంద పెట్టిన రాత్రులు. కుడి పక్క పోయినవి: కాయ, గింజ, కట్టె, గడ్డి. పొటాష్‌లో ఎక్కువ భాగం గడ్డిలో, కట్టెలోనే ఉంటుంది, కట్టె అమ్మేసిన ఏడు దాన్ని తప్పకుండా రాయండి. పేడ ఏ కయ్యలోకి పోయిందో కూడా చూడండి, ఇంటి పక్క టమాటాకే ఏటా తోలి దూరం చేనికి ఏమీ పోకపోతే ఈ పేజీలో అది ఇట్టే బయటపడుతుంది.

అంకెల్ని ఒక చోట పెట్టడం

ప్రతి కొలతనీ పోలిక చోటు కొలతతో భాగించండి. చేన్లో కార్బన్ 0.35, గట్టు మీద 0.70 అయితే 0.5. నీళ్ళు ఇంకే వేగం గంటకి 20, గట్టు మీద 60 అయితే 0.33. కప్పు శాతం, గడ్డ పరీక్ష కూడా అంతే. 1కి దగ్గరైతే నేల తన స్థాయికి దగ్గరగా ఉంది. ఆ ఏడు విస్తీర్ణం, ఈ స్థితి అంకెలు, గట్టు పొడవు, చెట్ల సంఖ్య, బోరు సెకన్లు ఒకే పేజీలో రాసి, పక్క పేజీ వచ్చే ఏడుకి ఖాళీగా ఉంచండి. అన్నీ కూడి ఒకే మార్కు వెయ్యాలని మాత్రం చూడొద్దు. కార్బన్ మెరుగై బోరు ఎండిపోతే సగటు మారకపోవచ్చు, కానీ మీరు చెయ్యాల్సిన పని పూర్తిగా మారిపోయింది.

రూపాయలు కట్టొచ్చా

కట్టొచ్చు, కానీ దేనికి కడుతున్నారో చూసుకోండి. ఇందాకటి 6 టన్నుల మట్టినే తీసుకుందాం. 0.35 శాతం కార్బన్ అంటే 21 కిలోలు, నత్రజని సుమారు అందులో పదో వంతు, అంటే 2.1 కిలోలు. యూరియా బస్తా 266.50 రూపాయలు కాబట్టి కిలో నత్రజని 13 రూపాయల లోపే, మొత్తం 27 రూపాయలు. ఎకరా పైమట్టి ఒక మిల్లీమీటరు పోతే నష్టం 27 రూపాయలేనా! సబ్సిడీ ధరతో లెక్కేస్తే అలాంటి జవాబే వస్తుంది. అదే 6 టన్నుల మట్టిని చెరువు నుంచి తిరిగి తోలాలంటే జేసీబీ, రెండు ట్రాలీల బాడుగ, చిమ్మడానికి కూలీ ఎంతవుతుందో మీ ఊళ్ళో అడగండి, నిజమైన విలువకి అది దగ్గరగా ఉంటుంది. తిరిగి తేవడానికి ఎంతవుతుంది అన్న ప్రశ్నతోనే రూపాయలు కట్టండి, తిరిగి తేలేనివాటికి, అంటే నలభై ఏళ్ళ చింత చెట్టు లాంటివాటికి, కొలత మాత్రమే రాసి రూపాయల గడి ఖాళీగా వదిలెయ్యండి.

కార్బన్ క్రెడిట్ల పేరుతో, అంటే నేలలో నిలిచిన కార్బన్‌కి డబ్బిస్తామంటూ, ఎవరైనా సంతకాలకి వస్తే ముందు మూడు అడగండి. ఎంత లోతు వరకు కొలుస్తారు, పైపు కొలత తీస్తారా, మొదటి కొలత కాపీ నాకిస్తారా. మీ నోట్‌బుక్కులో సొంత అంకెలుంటే వాళ్ళతో మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది.

కౌలు భూమి అయితే

మన దగ్గర చాలా భూమి కౌలు మీదే నడుస్తోంది. రాష్ట్ర పంట సాగుదారుల హక్కుల చట్టం (2019) ప్రకారం ఇచ్చే సాగుదారు హక్కు పత్రం 11 నెలలకే. పదకొండు నెలల భరోసాతో కౌలు రైతు చెరువు మట్టి ఎందుకు తోలతాడు, గట్టెందుకు వేస్తాడు? ఐదేళ్ళకి పెరిగే కార్బన్ మీద ఆయనకి హక్కేముంది? భూమి యజమానులు దీన్ని గట్టిగా ఆలోచించాలి. ఒప్పందం చేసుకునే రోజునే ఇద్దరూ కలిసి గట్టు పొడవు, చెట్ల జాబితా, గడ్డ పరీక్ష ఫోటో, నీళ్ళు ఇంకిన నిమిషాలు, మట్టి పరీక్ష కాగితం ఒక చోట పెట్టి, రెండు కాపీల మీదా సంతకాలు చేసుకోండి. ఎండాకాలంలో కౌలుదారు తోలిన చెరువు మట్టి ట్రాలీలకి అయిన ఖర్చులో యజమాని వంతు ఎంతో, ఆయన మధ్యలో ఖాళీ చేయాల్సి వస్తే అందులో ఎంత తిరిగి ఇవ్వాలో కూడా అక్కడే రాసుకోండి. పొలం అప్పగించే రోజు అవే కొలతలు, అవే చోట్ల, ఇద్దరూ ఉండగా మళ్ళీ తియ్యండి.